సాగిన టేపు చూపిన కొలత

నేను ఒక కొలత టేపును. గుడ్డకు పసుపు పూత పూసి, అరవై అంగుళాలు అచ్చువేసి నన్ను తయారుచేశారు. చీరాలలో బట్టలు కుట్టే మస్తాన్‌బీ మెడలో పదకొండేళ్ళు వేలాడాను. నడుముకు చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోని మనిషిని నేను చూడలేదు.

ఆ రోజు డిగ్రీ చదివే కోమలి, వాళ్ళమ్మ వనజతో కలిసి కొత్త లంగా తీసుకోవడానికి వచ్చింది. లంగా నడుముకు పట్టలేదు. మస్తాన్‌బీ నన్ను చుట్టింది. ఇరవై తొమ్మిది! పన్నెండు రోజుల కిందట పుస్తకంలో రాసుకున్నది ఇరవై ఆరు.

“ఆ బజ్జీలు తగ్గించవే,” అంది వనజ.

“అన్నమే తినబుద్ధి కావట్లేదమ్మా.”

“పాప తప్పేం లేదు వదినా. ఈ ముసలి టేపు సాగిపోయింది,” అంటూ మస్తాన్‌బీ నన్ను పీలికల బుట్టలో పడేసి కొత్త టేపు విప్పింది.

నాకు ఒళ్ళు మండింది. సాగిన టేపు తక్కువ చూపుతుంది గానీ ఎక్కువ చూపుతుందా? కొత్తది ఏకంగా ఇరవై తొమ్మిదిన్నర చూపింది. చేతి కొలత మాత్రం అర అంగుళం తగ్గింది.

మస్తాన్‌బీ నవ్వు ఆగిపోయింది. “చేతులు చిక్కి పొట్టొకటే పెరగడమేంది వదినా? ఇయ్యాలే డాక్టరమ్మకి చూపిద్దాం పద.” నన్ను బుట్టలోంచి తీసి, అలవాటుగా మెడలో వేసుకుని బయలుదేరింది.

ఆమె గుంటూరు పంపింది. అక్కడ స్కానింగులు, రక్తపరీక్షలు అయ్యాక పెద్ద డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. “అండాశయంలో గడ్డ ఉంది. బీజకణాల నుంచి పుట్టే అరుదైన క్యాన్సర్. తొందరగా పెరుగుతుంది, కానీ మందుకు బాగా లొంగుతుంది. ఆ ఒక్క అండాశయమే తీస్తాం. రెండోదీ, గర్భసంచీ ఉంచుతాం. రేపు పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. ఇంతకీ ఎవరు కనిపెట్టారు?”

మస్తాన్‌బీ బిడియంగా నన్ను చూపింది.

“మీ స్టెతస్కోపు భలే పనిచేసిందమ్మా!”

ఏడుస్తున్న వనజ ఫక్కున నవ్వింది.

ఆపరేషన్ తర్వాత మూడు వారాలకోసారి, నాలుగు విడతలు మందు ఎక్కించారు. వాంతులయ్యాయి. జుట్టు రాలింది. విడత విడతకీ రక్తంలో ఆ క్యాన్సర్‌ను పట్టిచ్చే అంకె పడిపోతూ వచ్చింది. కోమలి దాన్ని మస్తాన్‌బీకి ఫోన్‌లో చదివి వినిపించేది. అంకె తగ్గితే మనుషులు సంబరపడటం నాకు కొత్త కాదు గానీ, కుట్టు మిషన్ ఆపి మరీ చప్పట్లు కొట్టడం అప్పుడే చూశాను.

ఇప్పుడు అందరికీ కొత్త టేపే. నేను గోడ మేకు మీద విశ్రాంతిగా ఉన్నాను. నిన్న కోమలి అదే లంగా పట్టుకుని వచ్చింది. తలమీద అంగుళమున్నర జుట్టు.

“అత్తా, ఇప్పుడిది వదులైంది, నడుము బిగించాలి. ముసలి టేపుతోనే కొలువు.”

“బిగిస్తాలే. లోపల మూడంగుళాల గుడ్డ మడిచి వదుల్తా. ఒళ్ళు చేశాక ఇప్పుకోవచ్చు.”

“బజ్జీలు తినొచ్చా మరి?”

“తిను తల్లీ. ఈసారి తప్పు టేపు మీదికి నెట్టన్లే.”

మస్తాన్‌బీ నన్ను చుట్టింది. కోమలి ఊపిరి బిగబట్టలేదు. పొట్ట వదిలేసి, హాయిగా నిలబడింది.