కాటాకి కాటుక

నేను ఒక కాటాను. ఉల్లిపాయలూ పాత ఇనుమూ తూచే బాపతు కాదు. సముద్రం ఒడ్డు పట్నంలో, పెద్దాసుపత్రి పురిటి వార్డులో, అప్పుడే పుట్టినవాళ్లను తూచే కాటాను. నా పళ్లెంలో పడుకున్నవాళ్లలో చాలామంది ముందు నన్ను తడిపి, ఆ తర్వాతే ఏడ్చేవారు. నేనెవరి మీదా కోపం పెట్టుకోలేదు.

నేను వచ్చేనాటికి ఆసుపత్రంటే నాలుగు పెంకుటిళ్లు, ఒక బావి. నా కళ్లముందే మేడలు లేచాయి, ఎక్స్‌రే వచ్చింది, రక్తనిధి వచ్చింది. ఇక్కడ కాన్పు ఉచితమని దూరపు పల్లెల నుంచి కూడా వచ్చేవారు. ఎంత పెద్ద డాక్టరైనా నా ముల్లు ఆగేదాకా నోరు మెదిపేవాడు కాదు. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది.

ఒకసారి జాలరిపేట చిన్నతల్లికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. దోసెడంత పిల్ల. రెండు కిలోలు దాటితేనే ఇంటికి పంపుతామంది డాక్టరమ్మ. రోజూ పొద్దున్నే తూచేవారు, నా ముల్లు కదిలేది కాదు. చిన్నతల్లి మొహం చూడలేక ముల్లును కాస్త ముందుకు జరుపుదామా అనిపించేది. కాటా పుట్టుక పుట్టాక ఆ పని కూడదు కదా.

ఆమె తల్లి పోలమ్మ మాత్రం తప్పంతా నాదేనని తేల్చేసింది.

“ఊరి పిల్లలందర్నీ సూసి సూసి దీని కళ్లు పాడైపోనాయమ్మా. దీని దిష్టే మా పిల్లకి తగిలీసింది.”

ఇక తూచనివ్వనని మనవరాలిని కొంగులో చుట్టేసుకుంది. తూకం తెలియకపోతే పాలెంత పట్టాలో తెలియదు. అయినా క్రిస్టీనా సిస్టర్ వాదనకు దిగలేదు.

“అయితే దిష్టి సుక్క కాటాకే ఎట్టు, పెద్దమ్మా. పిల్లని మాత్రం తల్లి గుండెకి ఆనించే ఉంచాల.”

నా అంకెల మీది అద్దం ఎప్పుడో పగిలిపోయింది. పోలమ్మ నేరుగా అంకెల పలక మీదే, రెండు దాటిన చోట, బొటనవేలంత కాటుక అద్దింది. నాకు సిగ్గేసింది, బాగానూ అనిపించింది.

తల్లి వెచ్చదనానికి పిల్ల పాలు లాగడం మొదలుపెట్టింది. ముల్లు రోజూ కొంచెం పాకింది. ఒకనాడు రెండు దాటి, నల్లటి చుక్కలో కలిసిపోయింది. చుక్క తుడిచి సరైన తూకం చూద్దామని సిస్టర్ గుడ్డ తీసింది. పోలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“తుడవకమ్మా. రెండు దాటింది కదా, సాలు. ఎంతో తెలిస్తే మళ్లీ దిష్టి.”

డాక్టరమ్మ నవ్వుతూ ఇంటికి వెళ్లమంది. చిన్నతల్లి వెళ్తూ వెళ్తూ నా పళ్లేన్ని ఒకసారి నిమిరింది. నన్నెవరైనా అలా నిమరడం అదే మొదలు.

ఇప్పుడు అంకెలు వెలిగే కాటాలొచ్చాయి. నేను ముందు హాల్లో గాజుపెట్టెలో ఉన్నాను. నా గురించి పలక రాసిన పెద్దమనిషి ఆ నల్లచుక్కను కంపెనీ ముద్రనుకున్నాడు. పోనీ, అలాగే అనుకోనీ. ఇన్నేళ్లలో పైకి చెప్పకుండా నేను దాచుకున్న తూకం అదొక్కటే.