మేకను కట్టేసినందుకు

బోమా అని మేం పిలిచే జిల్లా కేంద్రం కోర్టులో ఇంగ్లీషులో చెప్పిందే చెల్లుతుంది. మా అన్న లింబానీ చేతులకు బేడీలతో బోనులో నిలబడ్డాడు. అమ్మ నా మోచెయ్యి వదలడం లేదు. ఊరి బడిలో నేర్చుకున్న కాస్త ఇంగ్లీషుతో ఆమెకు గుసగుసగా చెప్పాల్సింది నేనే.

"ఏమంటున్నాడే? జైలన్నాడా?"

"ఇంకా లేదమ్మా. ఊరుకో, పోలీసు చూస్తున్నాడు."

కొట్టు నడిపే చిర్వా మేక మా మొక్కజొన్నలో పడింది. మా వైపు అలాంటి మేకను పట్టి కట్టేస్తారు. యజమాని వచ్చి, ఊరిపెద్ద ముందు పైరు సంగతి తేల్చుకుని విడిపించుకుంటాడు. అన్న చేసింది అదే. చిర్వా మాత్రం పెద్ద దగ్గరికి రాకుండా, దొంగతనమంటూ పోలీసుల దగ్గరికి వెళ్ళాడు.

మేజిస్ట్రేటు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. దుబాసీ కచింగ్వే అన్నవైపు తిరిగాడు.

"మేకను పట్టుకెళ్ళావా, లేదా?"

అన్న నేలచూపులు చూస్తూ, బేడీల చేతులతోనే మెల్లగా చప్పట్లు చరిచి మర్యాద చేశాడు. "పట్టుకెళ్ళానయ్యా. పైరు మేస్తుంటే కట్టేశాను. పెద్దకు చెప్పాను. చిర్వాగారొచ్చి విడిపించుకుంటారని చూస్తున్నాను."

కచింగ్వే ఆవులించాడు. "తీసుకున్నానంటున్నాడు," అని ఇంగ్లీషులో చెప్పాడు. అంతే.

మేజిస్ట్రేటు రాసుకోసాగాడు.

తన మాటలన్నీ అక్కడికి చేరాయనుకుని అన్న తలూపుతున్నాడు. పొద్దున అడగకుండా నోరు తెరిచిన ముసలాయనను ఈడ్చుకెళ్ళి లోపల వేయడం కళ్ళారా చూశాను. ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా గుర్తు రాలేదు. అయినా లేచాను.

"అంతా చెప్పలేదయ్యా! సగమే చెప్పాడు!" అని మా చిచేవా భాషలోనే అరిచాను.

"ఏయ్, కూర్చో! సంతనుకున్నావా?" పోలీసు నా భుజం పట్టుకున్నాడు.

"నాలుగు ముక్కలు చదవగానే నాకే పాఠం చెబుతావా?" అన్నాడు కచింగ్వే.

మేజిస్ట్రేటు కలం ఆపి నన్ను చూశాడు. ఆయనది మా పక్క ఊరే. అన్న చెప్పిందంతా ఆయనకు ముందే అర్థమైంది. అయినా ఇంగ్లీషులోకి వచ్చినదే రాసుకున్నాడు. అది తట్టగానే నాకు మరీ భయమేసింది.

ఆయన అన్నవైపు తిరిగి, మా మాటలోనే అడిగాడు.

"మేకను ఎక్కడ కట్టావు? ఇంటి ముందా, వెనకా?"



"ముందేనయ్యా, దారి పక్కన. చిర్వాగారి ఇల్లాలు నీళ్ళకు పోతూ రోజూ దాన్ని పలకరించేది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చిర్వా తల వంచుకున్నాడు. మేజిస్ట్రేటు నవ్వలేదు. మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళి, చాలాసేపు మాట్లాడాడు. నా చెవులు హోరెత్తిపోయి ఒక్క మాటా అందలేదు.

"ఏమన్నాడే? చెప్పవేం?" అమ్మ నన్ను గిల్లుతోంది.

నేను పోలీసునే చూస్తున్నాను. అతను నా భుజం వదిలి బోను దగ్గరికి నడిచాడు. జేబులు తడుముకుని బేడీల తాళంచెవి తీశాడు. తననేం చేయబోతున్నారో తెలియక, అన్న చేతులు వెనక్కి లాక్కుంటున్నాడు.