దోమతెర నాలుగో మూల

నేను ఒక దోమతెరని. నా కథ చెప్పుకోవడానికి ఇవాళ అంత మంచి రోజేమీ కాదు. హాల్లో దివాను మీద నన్ను కుప్పగా పడేసి, నా చుట్టూ కూర్చుని, కాఫీల వేళ మొదలైన తగువుని టిఫిన్లు దాటించి వంట దాకా లాక్కొచ్చారు. తగువంటే అరుపులు కాదు. ఈ ఇంట్లో ఎవరూ అరవరు. ఒక మాట అని లోపలికి వెళ్తారు, చేతిలో ఏదో గిన్నెతో తిరిగొచ్చి ఇంకో మాట అంటారు.

సంగతేమిటంటే, తన్మయికి విశాఖపట్నంలో ఇంజనీరింగు సీటు వచ్చింది. వచ్చే వారం కాలేజీ తెరుస్తారు. హాస్టల్లో చేరేదీ లేనిదీ ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి. చెప్పకపోతే ఆ మంచం ఇంకెవరికో ఇచ్చేస్తారు. తన్మయి చేరతానంటుంది. వాళ్ళ మామ్మ మాణిక్యమ్మ వద్దంటుంది. కాలేజీకి దగ్గర్లో ఒక గది చూస్తే తనే వెళ్ళి నాలుగేళ్ళూ వండిపెడుతుందట, పిల్లని కనిపెట్టుకుని ఉంటుందట. ఆ గదిలో కట్టుకోవడానికే నన్ను అటక మీంచి దింపించింది. చిరుగులు కుట్టి పెట్టమని రెండు వీధుల అవతల ఉండే కూతురు సుభాషిణికి కబురు పెట్టింది. ఇప్పుడు సుభాషిణి ఒళ్ళో నా ఒక కొస ఉంది, మిగతా అంతా దివాను మీద ఉంది.

"హాస్టల్లో రెండొందల మంది ఆడపిల్లలున్నారత్తయ్యా, ఏం భయం?" అంది కోడలు విమల, కూరగాయల పళ్ళెంతో వచ్చి.

"ఆ రెండొందల మంది ఉన్నారనే నా భయం," అంది మాణిక్యమ్మ.

కొడుకు భాస్కరరావు ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తాడు. అక్కడ కాగితాల మీద రాసే మాటే ఇంట్లోనూ అంటాడు. చూద్దాం, అన్నాడు. సాయంత్రం లోపల ఏం చూస్తావు నాన్నా అని తన్మయి అడిగితే పేపరు కాస్త పైకెత్తి పట్టుకున్నాడు.

వాళ్ళలా మాట్లాడుకుంటూ ఉంటే వింటూ వింటూ నేను వెనక్కి జారిపోయాను. పాత గుడ్డలకి అదొక జబ్బు. ఎవరైనా ఒళ్ళో పెట్టుకుని సూదితో మెల్లగా కుడుతూ ఉంటే నిద్ర వస్తుంది.

నేను పుట్టింది మరమగ్గం మీద. మిగతా గుడ్డలకి దారాలుంటాయి, మధ్యలో సన్నగా సందులుంటాయి. నాకు సందులే ఎక్కువ, వాటిని పట్టి ఉంచడానికి కాసిని దారాలు. పక్కనున్న దుప్పటి గుడ్డలు నన్ను చూసి, ఇది పూర్తి కాకుండానే దింపేశారు పాపం అనుకునేవి. ఆ తరవాత ఒక దర్జీ నా పైఅంచుకి ఎర్రగుడ్డ పట్టీ కుట్టి, నాలుగు మూలలా నాలుగు నవారు తాళ్ళు పెట్టాడు. అప్పుడుగాని నాకు అర్థం కాలేదు. నేను కట్టుకునే గుడ్డనీ కాదు, కప్పుకునే గుడ్డనీ కాదు. నాలుగు దిక్కుల నుంచీ ఎవరో లాగి పట్టుకుంటేనే నేనున్నట్టు. పట్టుకోకపోతే కుప్ప.

భాస్కరరావు చంటిపిల్లాడుగా ఉన్నప్పుడు మాణిక్యమ్మ భర్త నన్ను సైకిలు కారియరు మీద పెట్టుకుని నిడదవోలు తెచ్చాడు. కాలవ గట్టు ఊరు. పొద్దు వాలితే దోమలు చుట్టాల్లాగా చెప్పకుండా వచ్చేవి. పందిరి మంచానికి నాలుగు కోళ్ళు, నాలుగు కర్రలు. నన్ను బిగించి కట్టేవారు. నాలోంచి చూస్తే లోకం కొంచెం పలచబడుతుంది. దీపం పాలల్లో ముంచి తీసినట్టుంటుంది. అమ్మ మొహం దగ్గరగానే ఉన్నా దూరంగా, మంచులో నడిచి వస్తున్నట్టుంటుంది. ఆ పిల్లాడు చేతులు చాపి నన్ను పట్టుకోబోయేవాడు. ఆ తరవాత పుట్టిన సుభాషిణీ అంతే. నాలోపల పడుకున్నవాళ్ళ కలలు నాలో నిలవవు, సందుల్లోంచి వెళ్ళిపోతాయి. కాస్త తడి మాత్రం అంటుకుంటుంది.

మనుషుల్లో ఒక తమాషా నేను మొదట్నించీ చూస్తున్నాను. దోమలన్నీ బయటే ఉండాలని పక్క కింద నా అంచులు దోపి, చుట్టూ తడిమి చూసుకుని పడుకుంటారు. ఒక దోమ ముందే లోపల ఉంటుంది. తెల్లవార్లూ అదే కుడుతుంది. పొద్దున లేచి బయటి దోమల్ని తిడతారు.

సుభాషిణికి కాకినాడలో డిగ్రీ సీటు వచ్చినప్పుడు నన్ను పరుపుచుట్టలో పెట్టి పంపారు. రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీద మాణిక్యమ్మ కూతురికి బుద్ధులు చెప్పింది. పరుపుచుట్ట లోపల ఉన్నా నాకు వినబడుతూనే ఉంది. తల దించుకుని వెళ్ళు, తల దించుకుని రా. ఎవర్నీ ఏదీ అడక్కు. ఎవరేమిచ్చినా పుచ్చుకోకు. ఇవాళ దారప్పోగు తీసుకుంటే రేపు మాట పడాలి. మాణిక్యమ్మ ఉత్తినే చెప్పలేదు. కొత్త కాపురంలో పక్కవాటా నుంచి గరిటెడు పంచదార తెచ్చుకున్నందుకు ఉమ్మడింట్లో ఏళ్ళ తరబడి దెప్పించుకున్న మనిషి. తనకి తగిలిన రాయి కూతురి కాలికి తగలకూడదనుకుంది. సుభాషిణి బుద్ధిమంతురాలు. అన్నీ విని తలూపింది. రైలు కదిలాక కూడా పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంది.

ఆ హాస్టల్లో పెద్ద గది. వరసగా ఇనప మంచాలు. మంచాలకి కర్రల్లేవు. అయినా పొద్దుగూకేసరికి గదంతా తెల్లటి తెరలు లేచేవి. ఎలాగంటే, తలవైపు రెండు తాళ్ళు గోడ మేకులకి. కాళ్ళవైపు తాడుని పక్క మంచం తెర తాడుతో కలిపి ముడివేసేవారు. దాని అవతలి తాడు ఆ పక్క తెరకి. అలా ఒకదాన్నొకటి లాగి పట్టుకుని ఉండేవి. వరస చివర మాత్రం ఒకవైపు కిటికీ ఊచకి, ఇంకోవైపు తలుపు గొళ్ళేనికి. ఏ ఒక్క ముడి ఊడినా వరసంతా వదులయ్యేది. అందుకని సందె వేళ ఆ ఆడపిల్లలు ఒకళ్ళ పేర్లు ఒకళ్ళు పిలుచుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ, "ఇంకాస్త లాగవే" అని విసుక్కుంటూ తెరలు కట్టుకునేవారు. సగం స్నేహాలు అక్కడే కుదిరేవి. అప్పుడు ఆ గది ఒక్కటే పెద్ద తెల్లటి పడవలా ఉండేది. కిటికీలోంచి గాలి వస్తే అన్ని తెరలూ ఒకేసారి ఊపిరి తీసేవి.

సుభాషిణి మంచం కిటికీ పక్క. నా మూడు మూలలు ఎవరి సాయమూ లేకుండా కట్టేసింది. నాలుగోది మిగిలింది. పక్క మంచం పిల్ల కరుణ తన తాడు కొస పట్టుకుని చెయ్యి చాపింది. ఇలా ఇవ్వు, కడదాం, అంది. సుభాషిణి చెయ్యి కొంచెం లేచింది. నాకు తెలుసు, ఆ చేతిలోనే నా తాడు ఉంది. అంతలో ప్లాట్‌ఫారం మాటలు గుర్తొచ్చినట్టున్నాయి. "వద్దండీ, నాకిలా అలవాటే," అంది.

కరుణ మర్నాడూ అడిగింది. ఆ మర్నాడు అడగలేదు. తన తాడుని ఒక కుర్చీ వీపుకి కట్టుకుంది. గర్విష్ఠి అనుకున్నారు సుభాషిణిని. ఆ పిల్లకి అర్థంకాని పాఠం అడగడానికి మనిషి లేదు, భోజనాల దగ్గర పక్కన కూర్చోడానికి మనిషి లేదు. నా నాలుగో మూల జారిపోయి ఆమె పాదాల మీద పడి ఉండేది. తెర ఒంటికి ఆనితే ఇంకేముంది? సందుల్లోంచే కుట్టాయి దోమలు. నేను అడ్డంగా ఉండి కూడా అడ్డుకోలేకపోయాను. ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. మంచినీళ్ళు కావాలని ఎవరికీ చెప్పుకోలేదు. వార్డెను చూసి ఇంటికి కబురు పంపేసరికి పిల్ల సగమైంది. దసరా సెలవులు రాకముందే నేనూ, ఆమే తిరిగొచ్చేశాం. మళ్ళీ వెళ్ళలేదు.

ఇంట్లో అందరూ ఒక మాట అనుకున్నారు. కాకినాడ నీళ్ళు పడలేదు, అని. పక్కింటివాళ్ళకీ అదే చెప్పారు, పెళ్ళివారికీ అదే చెప్పారు. సుభాషిణి కాదనలేదు. అమ్మ చెప్పిన బుద్ధులు తు.చ. తప్పకుండా పాటించానని అమ్మతో ఎలా చెబుతుంది? పెళ్ళయింది, కుట్టుమిషను పెట్టుకుంది, సుఖంగానే ఉంది. నేను మటుకు అటకెక్కాను. ఏడాదికోసారి వడియాల మీద కాకులు వాలకుండా దిగేదాన్ని.

ఇవాళ ఇంట్లో హాస్టలు వద్దనడానికి మాణిక్యమ్మ దగ్గర ఉన్న పెద్ద సాక్ష్యం ఆ నీళ్ళే. "మన సుభాషిణిని చూశాం కదా," అంటుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా సుభాషిణి సూది ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదులుతోంది.

కుట్టడం అయింది. కట్టి చూస్తేగాని ఎక్కడ లోపముందో తెలియదంది. పందిరి మంచం ఎప్పుడో పోయింది. దివానుకి కర్రల్లేవు. ఒక తాడు కిటికీకి కట్టారు, ఒకటి తలుపు గొళ్ళేనికి, ఇంకోటి గోడ గడియారం మేకుకి. నాలుగోదానికి ఏమీ దొరకలేదు. భాస్కరరావు చేతికిచ్చారు. ఆయన ఒక చేత్తో పేపరు, ఇంకో చేత్తో నా తాడు పట్టుకుని నిలబడ్డాడు. నాన్నని ఒక పనిలో చూడ్డం ఇవాళ్టికి ఇదే మొదలని తన్మయి నవ్వుతూ నా లోపలికి దూరింది. లోపల్నించి మమ్మల్నందర్నీ చూస్తూ మామూలుగా అడిగింది.

"అత్తా, కాకినాడలో ఎలా కట్టుకునేదానివి? అక్కడ కర్రలుండేవా?"

సుభాషిణి నా అంచు సవరించింది. దారప్పోగొకటి పళ్ళతో తెంపింది. తరవాత చెప్పడం మొదలుపెట్టింది. వరస మంచాల సంగతి, తాడుకి తాడు కట్టుకునే పద్ధతి, కరుణ చెయ్యి చాపడం, తను వద్దనడం. గొంతులో నిష్ఠూరం లేదు. ఎవరి కథో చెబుతున్నట్టు, కొంచెం నవ్వుకుంటూ చెప్పింది. కాళ్ళ మీద పడి ఉండే నాలుగో మూల దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగింది. భాస్కరరావు పేపరు ఎప్పుడు కింద పెట్టాడో నేను చూడలేదు. రెండు చేతులతోనూ నా తాడు పట్టుకుని ఉన్నాడు.

"మరి నీళ్ళు పడలేదన్నావు?" అంది మాణిక్యమ్మ.

"నేననలేదమ్మా. మీరనుకున్నారు."

"ఆ పిల్ల అంతలా అడిగితే కట్టించుకోవచ్చు కదే."

"ఎవరేమిచ్చినా పుచ్చుకోవద్దన్నావు కదా," అంది సుభాషిణి, మెల్లగా.

విమల వంటింట్లోకి వెళ్ళబోయి గుమ్మంలో ఆగిపోయింది. మాణిక్యమ్మ నా వంక చూసింది. నన్ను చూస్తోందో, నా వెనకాల పలచగా కనబడుతున్న మనవరాలిని చూస్తోందో చెప్పలేను. బహుశా ఆమెకి అక్కడ పదిహేడేళ్ళ సుభాషిణి కూర్చుని ఉన్నట్టుంది. నాలోంచి చూస్తే మనుషులు అలాగే ఒకరిలోకి ఒకరు కలిసిపోతారు. ఆ వయసులో మాణిక్యమ్మ కూడా నా లోపలే కూర్చుని పిల్లాడిని జోకొట్టేది. తనకీ బయటికి వెళ్ళాలని ఉండేది. ఇప్పుడు కూడా ఆమె విశాఖపట్నం వెళతాననడంలో పిల్ల కాపలా ఎంతో, పట్నంలో ఒక గది, తన పొయ్యి, తన తాళంచెవి అన్న ఆశ ఎంతో, నాకు తెలుసు. కొడుక్కి తెలియదు. నిన్ననే సంచీలో రెండు చీరలు కూడా మడిచి పెట్టుకుంది.

"ఏం చెయ్యాలత్తా నేనైతే?" అంది తన్మయి. ఇందాకటి నవ్వు లేదు. హాస్టలు కావాలని పొద్దుట్నించీ పట్టుబట్టిన పిల్ల, ఇప్పుడు మొదటిసారి భయపడింది.

సుభాషిణి తెర ఎత్తి ఆమె పక్కన కూర్చుంది. "ఎవరైనా తాడందిస్తే పుచ్చుకో. నీ తాడు కూడా ఇవ్వు, అవతల వాళ్ళకీ కావాలది. పాఠం అర్థం కాకపోతే వెంటనే అడుగు, పరీక్షల దాకా దాచుకోకు. ఒంట్లో బాగోకపోతే ఆ పూటే ఎదురుగదిలో చెప్పు. ఎవరైనా టీ ఇస్తే తాగి, మర్నాడు నువ్వు పెట్టు. అందరూ మంచివాళ్ళే ఉంటారని కాదు. కానివాళ్ళెవరో తెలియాలన్నా నలుగురితో కలవాలిగా. ఒంటరిగా కూర్చుంటే ఏం తెలుస్తుంది?"

ఇంతకాలం ఎవరి కలల తడో మోస్తూ వచ్చాను. నాలో ఎవరైనా మాట్లాడుకున్నది తక్కువ. ఇవాళ్టి మాటలు నాకు చలికాలపు పొద్దుటి ఎండలా అనిపించాయి. భాస్కరరావు చెయ్యి నొప్పెట్టి తాడు కొంచెం వదిలాడు. నేను మెల్లగా వాళ్ళిద్దరి తలల మీదికి దిగాను. ఎవరూ నన్ను సర్దలేదు.

మాణిక్యమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు గిన్నెలు సర్దింది. తరవాత అందర్నీ భోజనాలకి పిలిచింది. ఎప్పుడూ కోడలే వడ్డిస్తుంది, ఇవాళ గరిటె తను తీసుకుంది. కొడుక్కి పప్పు వేసింది, కూతురికి నెయ్యి వేసింది. మనవరాలి కంచం దగ్గరికి వచ్చి, అన్నం వడ్డిస్తూ, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"భాస్కరం, తినగానే ఆ హాస్టలు వాళ్ళకి ఫోన్ చెయ్యి. పిల్ల అక్కడే ఉంటుంది. నేను వెళ్ళడం లేదు."

తన్మయి తలెత్తి మామ్మ వైపు చూసింది. మాణిక్యమ్మ పక్కనున్న కోడలి కంచంలో కూడా అన్నం పెట్టి, ఆమె వైపు తిరిగింది.

"సున్నుండలు రెండు డబ్బాల్లో కట్టు విమలా. ఒకటి దానికి. ఒకటి పక్క మంచం పిల్లకి."