ముట్టని అప్పం

తప్పు నాదే. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత కాస్త ఊపిరాడుతుంది. ఏటినీ వాననూ వర్ణించి, ఊరంతా తిప్పి, చివర్లో గొణిగే రకం కాదు నేను. లులోంగ్ కాలు విరిగింది నా వల్ల.

మా పొడవింట్లో ఇరవై రెండు గడపలు. కప్పు ఒకటే, వసారా ఒకటే, పొయ్యిలు మాత్రం ఇరవై రెండు. పదకొండో గడప మాది, పన్నెండోది బియా అవ్వది. మధ్యలో ఉన్నది ఒక్క పలకల గోడ. వాళ్ళ పొయ్యి మీద ఎండుచేప మాడితే మా ఇంట్లో దగ్గొస్తుంది. లులోంగ్ ఆ అవ్వ మనవరాలు. ఎనిమిదేళ్ళది. వరసకు నన్ను పిన్నీ అంటుంది. పట్నంలో చదివొచ్చానని, నా వెంట తోకలా తిరిగేది. నేను జుట్టు ముడేస్తే తనూ ముడేసేది.

నేను చదివింది మనస్తత్వశాస్త్రం. మా అమ్మ దాన్ని "మనుషుల్ని తేరిపార చూసే చదువు" అంటుంది. ఆ ఏడాది విదేశం నుంచి ఇంగర్ మేడమ్ వచ్చారు. ఏ దేశపు పిల్లలు ఆశను ఎంతసేపు అదుపులో పెట్టుకుంటారో కొలవడం ఆమె పని. ఆమెకు మా భాష రాదు, నాకు రెండూ వచ్చు. అలా కుదిరింది.

పద్ధతి తేలికే. పిల్లను ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి, ముందు ఒక బెల్లం అప్పం పెడతాం. "మేం వచ్చేదాకా దీన్ని ముట్టుకోకుండా ఉంటే రెండిస్తాం" అని చెప్పి బయటికొచ్చేస్తాం. పావుగంట సేపు గోడ సందులోంచి చూస్తాం. వేలు తగిలిందా, కాగితం మీద 'ఆగలేదు' అని రాసుకుంటాం. గెలిచిన వాళ్ళకు రెండప్పాలూ సాయంత్రం, అందరి వంతూ అయ్యాక. ముందే ఇస్తే బయట కూర్చున్న పిల్లలకు గుట్టు తెలిసిపోతుందని మేడమ్ పెట్టిన నియమం అది.

మొదట ఎగువనున్న ఇంకో పొడవింటికి వెళ్ళాం. ఇరవై మంది పిల్లలు. అందరూ నిమిషం తిరక్కుండానే వేలు పెట్టారు. అప్పం అంచు చూపుడువేలితో తాకి, ఆ వేలు గొంతుకు రాసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. తర్వాత పావుగంటా కదల్లేదు. ఒకడైతే ఈగలు తోలుతూ ఆ అప్పానికి కాపలా కాశాడు! అయినా నేను 'ఆగలేదు' అనే రాశాను. నియమం నియమమే కదా.

మేడమ్ గమనించలేని మనిషేం కాదు. అడిగింది కూడా. "మిందూ, వీళ్ళంతా ఒకేలా తాకుతున్నారు. కారణమేమైనా ఉందా?"

"లేదు మేడమ్. పిల్లలు కదా, చేతులూరుకోవు," అన్నాను.

ఎంత అబద్ధం! ఎదుట పెట్టినదాన్ని ముట్టకుండా గడప దాటితే పుని అనే కీడు తగులుతుందని మా దగ్గర పాలుతాగే పిల్లకూ తెలుసు. పాము కరుస్తుంది, కత్తి జారి కాలి మీద పడుతుంది, పడవ బోల్తా కొడుతుంది. ఆకలి లేకపోతే తినక్కర్లేదు, వేలితో తాకి గొంతుకు రాసుకుంటే చాలు. మాకు నడక కంటే ముందు ఆ వేలు కదలడం వస్తుంది. కానీ పట్నం హాస్టల్లో నేను టీ కప్పు తాకి గొంతుకు రాసుకున్నప్పుడు గదిలో అమ్మాయిలు నవ్విన నవ్వు నాకింకా చెవుల్లోనే ఉంది. మేడమ్ ముందు మళ్ళీ ఆ అడివి పిల్లను కాలేకపోయాను. సిగ్గు. అంతకు మించి కారణం లేదు.

ఆ సాయంత్రం మేడమ్ పట్టిక చూపించింది. వాళ్ళ దేశపు పిల్లలు ఎనిమిది నిమిషాలు ఆగారట, మా రాజధాని పిల్లలు తొమ్మిది. ఈ ఏటిగట్టు పిల్లలు ముప్పావు నిమిషం. "వీళ్ళకు ఈ క్షణమే ముఖ్యమేమో. అదీ ఒక అందమే," అంది ఎంతో దయగా. ఆ దయకే నాకు ఒళ్ళు మండింది. మర్నాడు మా పొడవింటి వంతు.

వెంటనే ఇంటికొచ్చి, ఏట్లో ఈదుతున్న పిల్లల్ని గట్టు మీదికి పిలిచాను.

"ఒరేయ్ కోతిమూకా, ఇటు రండి. రేపు గదిలో అప్పం పెడతాం. వేలు కూడా పెట్టకండి. అర్థమైందా?"

"ముట్టుకోకపోతే పుని తగలదూ?" అన్నాడు జంపి అనే గడుగ్గాయి.

"తగలదు. నేను చెప్తున్నాగా."

"నువ్వు చెప్తే పాము వింటుందా పిన్నీ?"

అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. లులోంగ్ మాత్రం నవ్వలేదు. మిగతావాళ్ళు మళ్ళీ నీళ్ళలోకి దూకాక నా దగ్గరకొచ్చి, "నేను ముట్టుకోను పిన్నీ. అవ్వకి మాత్రం చెప్పకు, తిడుతుంది," అంది.

"నువ్వూ ఎవరికీ చెప్పకు. నేను చెప్పానని తెలిస్తే మేడమ్ నన్ను తిడుతుంది," అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లతో కుదుర్చుకున్న ఒప్పందం అది. సిగ్గులేని దాన్ని.

మర్నాడు పొద్దున ఎవరూ నా మాట వినలేదు. జంపి అయితే గది గుమ్మం దాటుతూనే తాకేశాడు. ఏడో వంతు లులోంగ్‌ది. అప్పం వంక చూసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. మూడో నిమిషంలో భుజాలు వణికాయి. ఏడో నిమిషంలో కళ్ళ నిండా నీళ్ళు. మేడమ్ నా చెవిలో, "చూడు, ఎంత ఆశ పడుతోందో," అంది. ఆశ కాదది, భయం. నాకు స్పష్టంగా తెలుసు. లోపలికెళ్ళి, "చాల్లే తల్లీ, తాకి రా," అనడానికి నాలుగడుగులు పట్టేది. వెయ్యలేదు. 'పదిహేను నిమిషాలు, ఆగింది' అని రాశాను, కింద గీత కూడా గీశాను. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, ఆ క్షణంలో నాకు గర్వంగా ఉండింది.

పిల్ల బయటికొచ్చి, నా వైపు చూసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం బిందె పట్టుకుని రేవుకు దిగుతూ నిచ్చెన మీంచి పడింది. మా రేవు నిచ్చెనంటే ఒక్క దుంగ, దానికి గంట్లు కొట్టి ఉంటాయి. చినుకు పడితే పాచి. ఏటా ఎవరో ఒకరు జారతారు, మా నాన్నా జారాడు. కానీ ఆ రోజు కేక వినపడగానే, ఎవరు పడ్డారో నాకు చూడకుండానే తెలిసిపోయింది.

కాలికి తెడ్డు కట్టి పడవలో పడుకోబెట్టాం. ఆసుపత్రికి రెండు గంటల దారి. పిల్ల ఏడవలేదు, పళ్ళు బిగించి నా చెయ్యి పట్టుకుంది. బియా అవ్వ మాత్రం దారి పొడుగునా ఒకటే పాట.

"పొద్దున గంజి పెట్టానమ్మా. ఆ పరీక్షకి వేళైపోతోందని లేచి పరిగెత్తింది. ముట్టుకుందో లేదో నేను చూడలేదు. పిలవనన్నా పిలవలేదు. ముసలిదాన్ని, నాకేం పోయేకాలమొచ్చిందో!"

"ముట్టుకున్నావుటే?" అని పిల్లని అడిగింది.

"గుర్తులేదవ్వా," అంది లులోంగ్, నా కళ్ళలోకి చూస్తూ. నేను ఏటి వైపు తిరిగాను.

మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు. కట్టు విప్పాక కాస్త కుంటు మిగలొచ్చన్నారు. పాచి పట్టిన దుంగకూ, ముట్టని అప్పానికీ సంబంధం ఉండదని నాకూ తెలుసు. ఒకదాని వెనక ఒకటి జరిగినవాటికి మనసే ముడి వేస్తుందని పరీక్షలో పది పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అవన్నీ ఆసుపత్రి బల్ల మీద కూర్చుని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్కటీ గొంతు దిగలేదు.

పది రోజులకు మేడమ్ దగ్గర నోరు విప్పాను. పుని సంగతి, పిల్లలకు ముందే నూరిపోసిన సంగతి, అంతా చెప్పాను. తిట్టి పంపించేస్తుందనుకున్నాను. తిడితే బాగుండు. ఆమె ముఖం వెలిగిపోయింది.

"మిందూ! మనం కొలవాల్సింది ఒకటి, కొలిచింది ఇంకోటి! తాకి కూర్చున్న పిల్లలే నిజంగా ఆగిన పిల్లలు. ఇది మనం రాయాలి. నీ పేరు కూడా వేద్దాం."

"మరి లులోంగ్ మేడమ్?"

"పాపం," అంది మనస్ఫూర్తిగానే. తర్వాత, "ఆమె లెక్క తీసేద్దాం. ముందే చెప్పి చేయించినది కదా, చెల్లదు," అని ఆ పేరు మీద గీత పెట్టింది. ఆమెను అనడానికి నాకేం నోరుంది? అడిగిన రోజున చెప్పనిది నేను.

మూడు వారాలకు పిల్లను ఇంటికి తెచ్చారు. మేడమ్ పని మీద ఊళ్ళు తిరుగుతున్న నేనూ ఆ రోజే ఇంటికొచ్చి, పక్క గడపకు వెళ్ళాను. అవ్వను చూస్తే సగమైపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి. పుని వదలాలని రెండుసార్లు కోడితో దిగదుడిచిందట. పొయ్యి రాజేస్తే ఆ గంజే కళ్ళ ముందు కనిపిస్తోందని వంట మానేసిందట, అమ్మ చెప్పింది. పక్కింటివాళ్ళు పెడితే వేలితో తాకడం, పక్కన పెట్టడం. అంతే, మెతుకు మింగడం లేదు.

వసారాలో అవ్వ చాప అల్లుతోంది. పక్కనే లులోంగ్ కట్టు కాలు చాపుకుని పడుకుంది. కూర్చోకుండానే అనేశాను. కూర్చుంటే అనలేనని తెలుసు.

"అవ్వా, నీ గంజి కాదు."

"ఏంటే?"

"పుని. నీ గంజిది కాదు. ఆ గదిలో అప్పం పెట్టాం. ముట్టుకోవద్దని చెప్పాం."

అవ్వ చేతులు ఆగాయి. "ఆ తెల్లావిడ చెప్పిందా?"

"ఆవిడకి పుని అంటే ఏంటో తెలీదు. ముందురోజు ఏటిగట్టున నేనే చెప్పాను, వేలు కూడా పెట్టొద్దని."

"ఎందుకే?"

"మన పిల్లలు గెలవాలని."

"ఎవరి మీద?"

పట్టికలో అంకెల మీద అని చెప్పనా?

"ఆ తెల్లావిడ చేసుంటే, తెలీక చేసిందిలే అని కాఫీ పోసి పంపేదాన్ని," అంది అవ్వ. గొంతు పెంచలేదు. "నీ బొడ్డు కోసింది నేను. నీ వేలు పట్టుకుని గొంతుకు రాయడం నేర్పింది నేను. నీకు తెలుసు."

"తెలుసవ్వా."

"తెలిసీ చేశావు."

కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు, నిలబడి ఏడ్చాను. అప్పుడు లులోంగ్ లేచి కూర్చుంది.

"అవ్వా, పిన్నిని అనకు. నేను ముట్టుకున్నా."

ఇద్దరం అటు తిరిగాం.

"పిన్ని అటు చూసినప్పుడు, చిటికెన వేలితో. గొంతుకు కూడా రాసుకున్నా, ఇలాగ. చెప్తే రెండప్పాలూ ఇవ్వరని చెప్పలేదు. గంజీ తాకే వెళ్ళా, ఇప్పుడు గుర్తొచ్చింది."

"నిజంగానా?"

"ఒట్టు."

అవ్వ అందుకుంది. "ఓసి దొంగపిల్లా! మూడు వారాలు నన్ను చంపుకు తిన్నావు కదే! అయితే మరి పాచేనన్నమాట! వొట్టి పాచి!" అంటూ పిల్ల వీపు మీద ఒక్కటి చరిచి, అదే చేత్తో నిమిరింది. చాప పక్కకు తోసి లోపలికి పోయింది. పొయ్యిలో కట్టెలు సర్దుతున్న చప్పుడు, "ఆ దుంగ మార్చండిరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానూ!" అని ఇరవై రెండు గడపలకూ వినపడేలా అరుపు.

నేను ఆ రోజు అటు తిరగలేదు. పదిహేను నిమిషాలు రెప్ప వాల్చకుండా చూశాను. ఆ రెండు చేతులూ ఒక్కసారి కూడా తొడల కిందనుంచి బయటికి రాలేదు. పుని ఇంకా తన మీదే ఉందని ఆ పిల్లకు తెలుసు, దాన్ని నమ్ముతుంది కూడా. నమ్ముతూనే, ఇక ఎవరూ దిగదుడవకుండా, ఎవరికీ చెప్పుకునే వీల్లేకుండా తన దగ్గరే ఉంచేసుకుంది.

లోపలికి వెళ్ళి నిజం చెప్పాలని కదిలాను. లులోంగ్ నా లంగా అంచు పట్టుకుంది.

"ఊరుకో పిన్నీ," అంది గొంతు తగ్గించి. "అవ్వ తిననీ."

ఊరుకున్నాను.