శీనమ్మ సజ్జ

పొద్దు పొడవకముందే శీనమ్మ సజ్జచేలో కూలికి దిగి, పూతకొచ్చిన కంకులకు కాగితం సంచులు తొడిగేది. ఒక రకం పుప్పొడి ఇంకో రకం మీద పడకూడదు. వింజమూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో ఆ చేను సర్కారువారి పరిశోధన క్షేత్రం. ఆమె ఏ గట్టున నడిస్తే కంకులన్నీ ఆ గట్టువైపు తలలు తిప్పేవి. పైరు తన రకాన్ని పుట్టించిన మనిషినే చూస్తుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. శీనమ్మ ఎక్కడుందో కావాలంటే కూలోళ్లు కంకుల్ని చూసి కేకేసేవాళ్లు.

ఎనిమిదేళ్ల కిందటి కరువులో చేనంతా మాడిపోతే, బతికిన మూడు కంకుల్ని ఏరింది ఆమే. ఏటికేడు కలిపీ విడదీసీ, రెండు వానలకే పండే సజ్జను తీసింది.

మూడేళ్ల కిందట, సరిగ్గా పూతకాలంలో, ఆత్మకూరులో ఉన్న ఆమె మొగుడు ఓబులయ్యకు కలరా తగిలింది.

"ఒక్క పూట పంపించండయ్యా," అని కాళ్ల మీద పడింది.

"సంచులు ఎవురు తొడుగుతారే? పూతయినాక పో," అన్నాడు క్షేత్రం అధికారి జనార్దనయ్య.

ఆమె పోయేసరికి ఓబులయ్యను పూడ్చేసి వచ్చినారు.

పంతొమ్మిదొందల యాభై అయిదులో, రాబోయే పంచవర్ష ప్రణాళికలో పరిశోధనలకు డబ్బు బాగా పెంచుతారని కబురొచ్చింది. జనార్దనయ్య ఆ సజ్జను తానే కనిపెట్టినట్టు రాసి ఢిల్లీకి పంపాడు. మంజూరైతే ల్యాబు, జీపు, ప్రమోషను. ఆ సజ్జ ఎవరిదో చూసి తేల్చడానికి అక్కణ్ణుంచి ఒక ముసలి సైంటిస్టు బయల్దేరాడు.

పైరు తనవైపు చూడదని జనార్దనయ్యకు తెలుసు.

"రేపు నా వెనకే నిలబడి గొడుగు పట్టు. నోరు మెదిపినావా, పనిలోంచి తీసేస్తా."

"అట్నే పడతాను దొరా," అంది శీనమ్మ. ఇట్లాంటి రోజు కోసమే ఆమె మూడేళ్లు ఆ చేలో కాచుకుని ఉంది.

మర్నాడు కంకులన్నీ జనార్దనయ్యకేసే తిరిగి ఉన్నాయి. ముసలాయన తృప్తిగా తలూపి, మంజూరు కాగితం తీసి కలం మూత విప్పాడు. అంతవరకూ ఆగింది శీనమ్మ. గొడుగు మూసి నేలన పెట్టి, చేను అవతలి కొసకు తీరిగ్గా నడిచింది. రెండెకరాల సజ్జ గరగరమంటూ ఆమె వెంట తిరిగింది.

"గాలి సార్... పడమటి గాలి," అన్నాడు జనార్దనయ్య.

"గట్టు మీది చెట్టు ఆకు కూడా కదల్లేదే," అన్నాడు ముసలాయన. గట్టంతా నడిచి ఆమె దగ్గరకొచ్చాడు. "డబ్బు జనానిదమ్మా. ఎవరి పనికిస్తున్నామో సరిగ్గా రాయాలి. నీ పేరేమిటి?"

చెప్పింది. రాసుకున్నాడు. "ఇతన్ని ఉద్యోగం నుంచి తీయించేస్తాను."

"వద్దయ్యా. ఆయన్ని ఏడికీ పంపొద్దు. ఈడే, నా కింద ఉండనీండి."

"ఎంత పెద్ద మనసమ్మా నీది!"



డబ్బు ఆమె పేరునే వచ్చింది. జనార్దనయ్య ఎండలో సంచులు తొడిగాడు. తనదంటూ ఒక రకం తీయాలని చిన్న మడి చేసుకుని, కడవతో నీళ్లు మోశాడు. విత్తనం మాత్రం శీనమ్మ రకానిదే. మొలిచినవన్నీ ఆమె ఉన్న దిక్కుకే మొహం పెట్టేవి. నాలుగో ఏట, తల నెరిసిపోయాక, ఆమెను ఆపి అడిగాడు.

"ఈ ఏడైనా నన్ను చూస్తాయంటావా, శీనమ్మా?"

శీనమ్మ ఆ మడినీ, ఆయన బొబ్బలెక్కిన చేతుల్నీ చూసింది.

"నీళ్లు పోస్తా ఉండు," అంది.