పేషెంటు పేరు

ముత్తయ్యకు పెళ్లాం చదువు మీద ఉన్నంత వెటకారం ఇంకే విషయం మీదా లేదు. ఆయన వెలగబెట్టేది మాత్రం ఏముంది? తెల్ల చొక్కా తొడుక్కొని గండిమైసమ్మ చౌరస్తాలో నిలబడి, రింగు రోడ్డు పడుతుందని ఊరించి, ఎవరి ప్లాట్లో ఇంకెవరికో చూపించడం. ఆ పని లేని రోజుల్లో, అంటే వారంలో చాలా రోజులు, మేడ్చల్‌లో ఇంటి అరుగు మీద కూర్చొని బాలమణిని ఆడిపోసుకోవడం.

ఇద్దరు పిల్లల తల్లయ్యాక బాలమణి నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులో చేరింది. సర్కారు పరీక్ష పాసై సర్టిఫికెట్ తెస్తే కొంపల్లిలో ఒక దవాఖానవాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. ముసలోళ్ల ముడ్డి కడగడానికి కూడా పరీక్షేనా అని ముత్తయ్య నవ్వి నవ్వి, చివరకు ఒక షరతు పెట్టాడు.

"ఒక్కసారే రాస్తవు. ఫెయిలైతే ఇగ మళ్ల గా మాట ఎత్తద్దు."

సెంటర్‌లో రోగి అంటే ఒక ప్లాస్టిక్ బొమ్మ. ఆడపిల్లలంతా కలిసి దానికి మల్లేశం అని పేరు పెట్టుకున్నారు. ఏ పనికైనా ముందు రోగిని పేరు పెట్టి పిలవాలి, ఆ తర్వాతే ఒంటి మీద చెయ్యి వెయ్యాలి. లేకపోతే ఒకరి మందు ఇంకొకరి నోట్లో పడుతుంది. బాలమణి ఇంట్లో దిండును మంచం మీద పడుకోబెట్టి, మల్లేశం, జ్వరం చూస్త, నోరు తెరువు అని సాధన చేసేది. మల్లేశం అన్నం తిన్నాడా అని ముత్తయ్య గుమ్మంలోంచి అడిగేవాడు. దిండును పేరు పెట్టి పిలిచే ఈ మనిషి తన పేరు మాత్రం ఇంతవరకూ పలకలేదని అరుగు మీద నలుగురికీ చెప్పి మురిసేవాడు.

అది నిజమే. రేషన్ షాపులో అడిగినా పక్కింటి సైమాతోనే ఆయన పేరు చెప్పించేది. మొగని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు అవ్వ చెప్పిన మాట ఆమెలో అంతగా పాతుకుపోయింది.

ప్రాక్టికల్ పరీక్ష శామీర్‌పేటలో. ఎవరి పేషెంటును వాళ్లే తెచ్చుకోవాలి, అదీ ఒంట్లో బాగున్న మనిషి కావాలి. పేషెంటుగా వస్తానన్న ఎదురింటి శంకరమ్మకు ఆ పొద్దున నిజంగానే జ్వరం తగిలింది. స్కూటర్ మీద దింపడానికి వచ్చిన ముత్తయ్య, తానే పడుకుంటానన్నాడు. జాలిపడి కాదు, తమాషా చూద్దామని.

బాలమణి చేతులు కడుక్కుంది, థర్మామీటర్ విదిలించింది, మంచం పక్కన నిలబడింది. ఇక పేరు పిలవాలి.

"ఇగో," అన్నది.

పరీక్ష పెట్టే సిస్టర్ తలెత్తింది. ఇగో అనే రోగి ఏ వార్డులోనూ ఉండడని, పేరు పిలవకుండా ముట్టుకుంటే అక్కడికక్కడే ఫెయిలని చెప్పింది.

ముత్తయ్యకు పండగే అయింది. తల కింద చేతులు పెట్టుకున్నాడు.

"అది నా పేరు పలుకదు మేడం. మా ఇంట్ల ఆడోళ్లకు గంత మర్యాద నేర్పినం. సున్న ఏసి పంపుండ్రి."

బాలమణికి ఒళ్లు మండిపోయింది. ఈయన నిండు నూరేళ్లు బతకాలని తను ఇన్నేళ్లూ నోరు కట్టుకుంటే, ఈయన తనకు సున్నా అడగడానికి కాళ్లు చాపుకొని పడుకున్నాడు.

"ముత్తయ్య," అన్నది, గదిలో అందరికీ వినబడేటట్టు.

ఆయన నవ్వు ఆగిపోయింది. లేవబోయాడు.

"పండుకో ముత్తయ్య. జ్వరం చూస్త. నోరు తెరువు."

తెరిచాడు. థర్మామీటర్ నాలుక కింద పెట్టి, తీసేదాకా మాట్లాడొద్దని పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. సిస్టర్ మార్కు వేసుకొని, ఇప్పుడు నాడి చూడమంది. బాలమణి ఆయన మణికట్టు పట్టుకుంది. అవ్వ మాట గుర్తొచ్చి, కళ్లు గడియారం మీదే పెట్టి, శ్రద్ధగా లెక్కపెట్టింది.

"ఎట్లుంది?" అని సిస్టర్ అడిగింది.

"మంచిగ కొట్టుకుంటున్నది మేడం. ముత్తయ్యకు ఏం కాలే."