గజ్జికి సౌనా వైద్యం

మనవరాలి బాప్తిస్మానికి మూడు వారాలుందనగా నా వేళ్ల సందుల్లో దురద మొదలైంది. పాస్టరు నీళ్లు చల్లేటప్పుడు పాపను ఎత్తుకోవలసింది నేను. మా అమ్మాయి సైలా ఉండేది దూరాన, ఊలు నగరంలో. పాపను నేనింకా ఫోనులో తప్ప చూడలేదు.

మొదట సబ్బు పడలేదనుకున్నాను. తర్వాత మణికట్ల మీద, నడుం చుట్టూ పొక్కులు లేచాయి. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, రోగం పేరు తెలియక కాదు. ఒప్పుకోలేకపోయాను.

మా అపార్ట్‌మెంటు కింద అందరికీ కలిపి ఒక సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, ఉంది. శుక్రవారం ఆరు గంటల వంతు నాదీ, పై అంతస్తు ఓయివాదీ. ఆ శుక్రవారం నేను గోక్కోవడం అతను చూడనే చూశాడు.

"ఏం మాష్టారూ, పక్కలో చీమలు పెంచుతున్నావా?"

"చలికి చర్మం పొడిబారింది."

"జూన్‌లో చలా! గజ్జయ్యా అది. తారు సబ్బుతో రుద్దుకుని రోజూ సౌనాలో కూర్చో. మా అమ్మ ఆరుగురు పిల్లలకి అలాగే వదిలించింది."

మా దేశం వాళ్లకు జలుబు చేసినా, నడుం పట్టినా, పెళ్లాం మీద అలిగినా సౌనాయే మందు. నేనూ ఆ గాలి పీల్చి పెరిగినవాణ్ణే. ఐదు రోజులు ఎవరి వంతు ఖాళీగా ఉంటే ఆ వంతులో దూరి, తారు సబ్బు రుద్దుకుని, కాలిన రాళ్ల మీద నీళ్లు పోస్తూ కూర్చున్నాను. ఒళ్లంతా పొగబెట్టిన చేప వాసన పట్టింది. దురద మాత్రం ఆ వేడికి హుషారెక్కింది.

ఆరో రోజు మందుల షాపుకి వెళ్లాను. అక్కడి పిల్వి ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ పిల్ల.

"మాష్టారూ, ఉడికింది మీరు. పురుగులు చర్మంలో హాయిగానే ఉన్నాయి," అంది నవ్వు ఆపుకుంటూ. "ఈ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా రాయండి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఓట్స్ నానబెట్టిన చల్లటి నీళ్లు పోసుకుంటే దురద నెమ్మదిస్తుంది, గజ్జి మాత్రం పోదు. సౌనాలోకి మీరు కాదు, మీ దుప్పట్లు వెళ్లాలి. మీతో ఉండేవాళ్లూ అదే రోజు రాసుకోవాలి."

"నాతో ఎవరూ లేరమ్మా."

"దుప్పటి పంచుకున్నవాళ్లు?"

ఏప్రిల్‌లో చేపలు పట్టడానికి వెళ్లి, చెరువు గట్టు గుడిసెలో ఓయివా, నేను ఒకే ఉన్ని దుప్పటి కప్పుకున్నాం. రెండు ట్యూబులు కొన్నాను.

ఓయివా తలుపు తీయగానే తారు వాసన గుప్పుమంది.

"నీక్కూడానా?"

అతను నేలచూపులు చూశాడు. "నాకే ముందు. నీకు అంటించింది నేనే మాష్టారూ. చెప్పడానికి నోరు రాలేదు. అందుకే సబ్బు సంగతి చెప్పాను."

"మరి మీ అమ్మ ఆరుగురికీ వదిలించిందన్నావు?"

"అదబద్ధం కాదు. ఐదేళ్లు పట్టింది."

కోప్పడదామనుకున్నాను, నవ్వొచ్చింది. ఆ సాయంత్రం ఖాళీ వంతు చూసి సౌనాలో దుప్పట్లు ఉడికించాం. మేం బయటి గదిలో ఒకరికొకరం క్రీము రాసుకున్నాం. మా ఆవిడ పోయాక నా వీపు మీద డాక్టరు చెయ్యి తప్ప మరో చెయ్యి పడలేదు. ఓయివా చేతులు గరుకే అయినా మెల్లగా రాశాడు.

"కదలకయ్యా, పెళ్లికూతురిలా సిగ్గు పడతావేం?"

సైలాకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నాన్నా, నువ్వు స్కూల్లో గజ్జి పురుగు బొమ్మ వేసి చూపించేవాడివి కదూ?" అని పకపకా నవ్వింది. తర్వాత గొంతు మార్చింది. "రెండోసారి కూడా రాసుకుని, పిల్వి సరేనంటేనే పాపను నీ చేతికిస్తాను. ఆ ఓయివా పెద్దనాన్నకీ అదే షరతు. ఆయన్నీ తీసుకురా."

పిల్వి సరేనంది. పురుగులు చచ్చినా దురద ఇంకొన్ని వారాలుంటుందని కూడా చెప్పింది.

బాప్తిస్మం సైలా వాళ్ల ముందుగదిలో జరిగింది. పాపను నా చేతుల్లో పెట్టగానే నిద్రపోయింది. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు, నా భుజం మీద దురద కూడా మొదలైంది. రెండు చేతులూ ఖాళీ లేవు.

"గోకనా మాష్టారూ?" అన్నాడు ఓయివా వెనక నుంచి, చెవిలో.

"వద్దు," అన్నాను. "పాప లేస్తుంది."